దుప్పుల వసంతం కోసం కార్తికంలో విత్తనం

ఫాల్గుణం వచ్చేసరికి భిలాయి చుట్టుపక్కల అడవుల్లో గడ్డికి కరువేమీ ఉండదు. వానాకాలంలో నడుమెత్తు పెరిగిన గడ్డి ఎండిపోయి, పసుపు రంగుకు తిరిగి, నిలబడే ఉంటుంది. దుప్పులు దాన్ని తింటూనే ఉంటాయి. తింటూనే చిక్కిపోతాయి. పక్కటెముకలు బయటపడతాయి, వెంట్రుకల నిగారింపు పోతుంది, పిల్లతల్లికి పాలు తగ్గుతాయి. పొట్ట నిండినా ఆకలి తీరని ఈ స్థితి ఎందుకొస్తుందో తెలిస్తే, జింకల కోసం ఏం విత్తాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

దుప్పి ఆవులాగే నెమరువేసే జంతువు. అది గడ్డిని నేరుగా అరిగించుకోలేదు. గడ్డిలోని పీచును విరగ్గొట్టే శక్తి దాని సొంత జీర్ణరసాలకు లేదు. ఆ పని చేసేవి దాని మొదటి పొట్టలో, అంటే రూమెన్‌లో, కోట్ల సంఖ్యలో కాపురం ఉండే సూక్ష్మజీవులు. దుప్పి గడ్డి మేపేది వాటిని. అవి పీచును పులియబెట్టి వదిలే ఆమ్లాలూ, చివరకు ఆ సూక్ష్మజీవుల శరీరాలూ దుప్పికి తిండి. అయితే అవి బతికి పెరగాలంటే వాటికి నత్రజని కావాలి. మేతలో మాంసకృత్తులు సుమారు 7 శాతం కంటే పడిపోతే సూక్ష్మజీవుల సంఖ్య తగ్గుతుంది, పులియడం మందగిస్తుంది, తిన్న గడ్డి పొట్టలోంచి త్వరగా కదలదు. కదలకపోతే కొత్త గడ్డికి చోటుండదు. మన అడవి గడ్డి సెప్టెంబరు, అక్టోబరుల్లో పూతకొచ్చి, గింజ రాల్చి, తన సారాన్నంతా వేళ్లలోకి లాక్కుంటుంది. మార్చి నాటికి నిలబడిన కాడలో మిగిలే మాంసకృత్తులు 3, 4 శాతం. అందుకే నిండు పొట్టతో ఆకలి.

ఇక్కడినుంచే నా వాదన మొదలవుతుంది. వసంతంలో జింకకు కావలసింది ఎక్కువ మేత కాదు, ఎండుగడ్డిని అరిగించే సూక్ష్మజీవులకు ఊపిరిపోసే కొద్దిపాటి పచ్చిమేత. ఆ పచ్చిమేతను వసంతంలో విత్తి పండించడం ఛత్తీస్‌గఢ్ మైదానంలో కుదిరే పని కాదు. వసంతం కోసం విత్తనం కార్తికంలోనే పడాలి.

అమెరికాలో ఈ పని ఒక పెద్ద వ్యాపకం. అక్కడి తెల్లతోక జింక కోసం వేటగాళ్లూ భూస్వాములూ అడవి అంచున చిన్న చిన్న చేలు వేస్తారు. క్లోవర్, చికోరీ, ఓట్స్, సోయా చల్లుతారు. మంచు కరిగాక విత్తిన క్లోవర్ అక్కడి చల్లని రాష్ట్రాల్లో వేసవంతా పచ్చగా ఉంటుంది. మనకు వసంతం తర్వాత వచ్చేది 45 డిగ్రీలకు ఎగబాకే ఎండ, వడగాలి. ఏడాదిలో పడే 1200 మిల్లీమీటర్ల పైచిలుకు వానలో దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది. మార్చిలో మొలిచిన లేత మొక్కకు ఏప్రిల్ దాటడమే గగనం. పైగా మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత జింకల వేట నేరం. కాబట్టి ఇక్కడ ఈ ప్రశ్న వేటగాడిది కాదు. కంచె లోపలి జింకలను పోషించే జంతు ప్రదర్శనశాలలది, కంచె బయటి జింకల గడ్డిమైదానాలను కాపాడే అటవీశాఖది.

భిలాయిలో ఆ కంచె మైత్రీబాగ్‌ది. సోవియట్ సాయంతో ఉక్కు కర్మాగారం కట్టుకున్న ఊరు కనుక, ఆ స్నేహానికి గుర్తుగా 1972లో వెలిసిన ఈ తోట నిర్వహణ భిలాయి ఉక్కు కర్మాగారానిదే. ఉద్యోగాల కోసం ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మన కుటుంబాల్లో, ఆదివారం పూట పిల్లల్ని తీసుకెళ్లి దుప్పుల్ని చూపించనివాళ్లు ఉండరేమో. అందరూ తెల్లపులి దగ్గర గుమిగూడతారు. పోషణ శాస్త్రం తెలియాలంటే మాత్రం జింకల ఆవరణ దగ్గర నిలబడాలి.

జింకలన్నీ ఒకేలా తినవు. జర్మన్ శాస్త్రవేత్త రైన్‌హోల్డ్ హాఫ్‌మన్ నెమరువేసే జంతువుల పొట్టల్ని కోసి పోల్చిచూసి, వాటిని మూడు తెగలుగా విడదీశాడు. గడ్డి తినేవి ఒక తెగ, లేత ఆకులూ పళ్లూ ఏరుకునేవి ఒక తెగ, రెండూ తినే నడిమి తెగ. గడ్డి తినేవాటి మూతి వెడల్పుగా ఉంటుంది, రూమెన్ పెద్దది, మేత అందులో ఎక్కువసేపు నిలుస్తుంది. ఏరుకు తినేవాటి మూతి సన్నం, పొట్ట చిన్నది, మేత త్వరగా జారిపోతుంది. మన చుక్కల దుప్పి నడిమి తెగదే అయినా గడ్డివైపు మొగ్గుతుంది. కణుజు ఆకువైపు మొగ్గుతుంది. మొరిగే జింక పళ్లూ చిగుళ్లూ లేకపోతే బతకలేదు. బారాసింగా దాదాపు పూర్తిగా గడ్డిమీదే ఆధారపడుతుంది. కృష్ణజింక నిజానికి జింకల కుటుంబంది కాదు, కొమ్ము రాల్చని ఆంటెలోప్. అదీ ప్రధానంగా గడ్డి మేసేదే.

ఈ తేడా ఎంత బలమైనదో టెక్సస్‌లో తేలింది. మన చుక్కల దుప్పిని 1932లో అక్కడికి తీసుకెళ్లి వదిలారు. తర్వాత కెర్ వన్యప్రాణి కేంద్రంలో దుప్పుల్నీ అక్కడి తెల్లతోక జింకల్నీ ఒకే కంచెలో పెట్టి చూశారు. వెడల్పాకు మొక్కలున్నంత కాలం రెండూ వాటినే తిన్నాయి. అవి అయిపోయాక దుప్పి గడ్డికి మారిపోయి సంతతి పెంచుకుంది. తెల్లతోక జింక గడ్డితో బతకలేక తగ్గిపోయింది. అందుకే అమెరికా విత్తనాల సంచి మీద జింక బొమ్మ చూసి మన దుప్పికి అదే చల్లడం తప్పు. ముందు మూతిని చూడాలి, తర్వాత విత్తనాన్ని ఎంచుకోవాలి.

మూతి తర్వాత చూడాల్సింది నేల. ఛత్తీస్‌గఢ్ రైతు తన పొలాన్ని నాలుగు పేర్లతో పిలుస్తాడు. ఎత్తు మీద గరుకైన ఎర్రనేల భాటా. దానికి దిగువన పసుపురంగు తేలిక నేల మటాసీ, తర్వాత డోర్సా, పల్లంలో నీరు పట్టే నల్లరేగడి కన్హార్. భాటా మీద పప్పుజాతి పచ్చిమేత శీతాకాలంలో నిలవదు. అక్కడ వానాకాలంలో వేసే స్టైలో, దీనానాథ్ గడ్డి లాంటివే దిక్కు. వాటిని పూత దశలోనే కోసి ఎండబెట్టుకుంటే వసంతానికి మంచి ఎండుమేత. వసంతంలో పచ్చగా ఉండాల్సిన పంటకు మాత్రం కన్హారే తగిన చోటు.

కన్హార్ మీద, నీటి వసతి ఉంటే, నా ఓటు బర్సీమ్‌కే. క్లోవర్ కుటుంబానికి చెందిన ఈ మొక్క ఈజిప్టుది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సింధు ప్రాంతం ద్వారా మన దేశంలో అడుగుపెట్టింది. పొడి పదార్థంలో 18 నుంచి 20 శాతం మాంసకృత్తులు. పగలు రాత్రి సగటు 25 డిగ్రీల దగ్గరికి దిగినప్పుడు, అంటే అక్టోబరు మధ్య నుంచి నవంబరు మొదటి వారాల దాకా, హెక్టారుకు 20 నుంచి 25 కిలోల విత్తనం చల్లాలి. మొదటి కోత 50, 55 రోజులకు. ఆ తర్వాత ప్రతి 25, 30 రోజులకూ ఒక కోత. ఏప్రిల్ వేడికి పంట ముగుస్తుంది. అంతకు ముందెప్పుడూ బర్సీమ్ పండని నేల అయితే దాని వేళ్ల బుడిపెల్లో నత్రజని పట్టే బ్యాక్టీరియా ఆ మట్టిలో ఉండదు. విత్తనానికి రైజోబియం పట్టించకుండా చల్లితే మొక్క పసుపుబారి నిలిచిపోతుంది. చాలాచోట్ల బర్సీమ్ ‘పనికిరాలేదు’ అని వదిలేయడానికి కారణం ఇదే.

బర్సీమ్ విత్తనంలో కాసని అనే కలుపు విత్తనం కలిసి వస్తుంది. రైతులు విత్తనాన్ని పది శాతం ఉప్పునీటిలో వేస్తారు. తేలిన కాసనిని తీసిపారేసి, మునిగిన బర్సీమ్‌ను కడిగి చల్లుకుంటారు. అమెరికా జింకల చేలల్లో డబ్బిచ్చి కొని చల్లే చికోరీ ఈ కాసనే! లోతుకు దిగే వేరూ, ఖనిజాలు నిండిన ఆకూ ఉన్న మొక్క అది. ఆవుల కోసం పండించేవాడికి కలుపు, జింకల కోసం పండించేవాడికి పంట. జింకల ఆవరణ కోసమే వేసే బర్సీమ్ మడిలో కాసని కాస్త కలిసినా నేనైతే పీకించను.

ఎంత నేల కావాలో లెక్కవేయడం కష్టం కాదు. 50 కిలోల దుప్పి రోజుకు తన బరువులో రెండున్నర శాతం పొడి పదార్థం తింటుందనుకుంటే అది కిలోంపావు. అందులో సగం బర్సీమ్ నుంచి ఇద్దామంటే, పచ్చి బర్సీమ్‌లో పొడి పదార్థం 15 శాతమే కనుక, రోజుకు సుమారు 4 కిలోల పచ్చిమేత. యాభై దుప్పులకు 200 కిలోలు. జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా వంద రోజులకు 20 టన్నులు. హెక్టారుకు 60 టన్నుల మోస్తరు దిగుబడి వేసుకున్నా ఎకరానికి 24 టన్నులు వస్తాయి. అంటే యాభై దుప్పులకు ఒక ఎకరం చాలు. ఆ ఎకరాన్ని ఇరవై ఎనిమిది మడులుగా చేసి రోజుకొక మడి కోసుకుంటూ వెళితే, చివరి మడి కోసేసరికి మొదటి మడి మళ్లీ కోతకొస్తుంది.

సగం బర్సీమ్ అని ఊరికే అనలేదు. లేత బర్సీమ్, అలాంటిదే అయిన లూసర్న్ మాత్రమే పెడితే ప్రమాదం ఉంది. వాటి ఆకుల్లోని త్వరగా కరిగే మాంసకృత్తులు రూమెన్‌లో గట్టి నురగ కడతాయి. పులియడంలో పుట్టే వాయువు ఆ నురగలో చిక్కుకుంటుంది. త్రేన్పు రాదు. పొట్ట ఎడమవైపు ఉబ్బి, ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడి కొన్ని గంటల్లో జంతువు చనిపోవచ్చు. ఉదయం మంచుతో తడిసిన బర్సీమ్‌ను నేరుగా వేయకూడదు. కోసి కొన్ని గంటలు వాడనిచ్చి, ముందు ఎండుగడ్డి తిననిచ్చి, ఆ తర్వాత పెట్టాలి. రూమెన్‌లోని సూక్ష్మజీవుల జనాభా కొత్త మేతకు సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది కనుక మార్పు మెల్లగా జరగాలి. సందర్శకులు కంచె సందుల్లోంచి వేసే రొట్టెలూ మిఠాయిలూ చేసే హాని కూడా ఈ కోవదే. పిండిపదార్థం ఒక్కసారిగా పులిసి లాక్టిక్ ఆమ్లం పెరిగితే ఆ సూక్ష్మజీవులే చస్తాయి. దుప్పి రెండుమూడు రోజులు మేత ముట్టదు, కొన్నిసార్లు లేవదు. జింకను ప్రేమించేవాళ్లు కంచె ఇవతల చేతులు కట్టుకుని నిలబడాలి.

నీటి వసతి లేని చోట ఛత్తీస్‌గఢ్ రైతు దగ్గరే ఒక చక్కటి ఉపాయం ఉంది. దాన్ని ఉతేరా అంటారు. వరి కోతకు రెండు మూడు వారాల ముందు, నేలలో పదును ఉండగానే, నిలబడిన పైరులో తివడా విత్తనం చల్లేస్తారు. దున్నడం లేదు, తడి పెట్టడం లేదు. వరి కోసేసరికి తివడా మొలిచి ఉంటుంది. మిగిలిన తేమతోనే శీతాకాలం దాటేస్తుంది. తివడా అంటే మనం కేసరి పప్పు అనే మొక్కే. దాని గింజలో నరాలను దెబ్బతీసే ఓడాప్ అనే విషం ఉంటుంది. కరవు రోజుల్లో అదొక్కటే తిన్నవాళ్లకు కాళ్లు పడిపోయిన చరిత్ర ఉంది. రాయపూర్ ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ విషం బాగా తగ్గిన ప్రతీక్, మహాతివడా లాంటి రకాల్ని రూపొందించింది. మేత కోసమైనా అలాంటి రకమే ఎంచుకోవాలి, గింజ కట్టకముందే కోయాలి. ఆంధ్రలో వరి కోతకు ముందు పొలంలో జనుము, పిల్లిపెసర చల్లే అలవాటు కూడా ఇలాంటిదే.

వసంతంలోనే విత్తి తీరాలనుకునేవాళ్లకు తట్టేది జొన్న. అక్కడ ఒక హెచ్చరిక తప్పదు. లేత జొన్నలో ధూరిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నలిగితే దాన్నుంచి హైడ్రోజన్ సైనైడ్ విడుదలవుతుంది. నెమరువేసే జంతువుకు ఇది మరీ ప్రమాదం, రూమెన్‌లో ఆ విడుదల చకచకా జరిగిపోతుంది. నీరందక గిడసబారిన పైరులోనూ, కోత తర్వాత వచ్చిన పిలకల్లోనూ విషం పెరుగుతుంది. మన రైతులు ‘నాము తిన్న పశువు’ అనేది ఇందుకే. మార్చిలో జొన్న విత్తి, ఏప్రిల్‌లో నీరు చాలక, ఆ గిడస మొక్కను జింకలకు వేయడం అంటే నాము పండించి పెట్టడమే. తడి ఇవ్వగలిగితే అలసంద విత్తండి. జొన్నను తొలకరికి వదిలేయండి, పూతకొచ్చాకే కోయండి.

సుబాబుల్ ఆకు గురించి కూడా అడుగుతుంటారు. ఎండల్లోనూ పచ్చగా ఉండే చెట్టు కనుక ఆశ సహజమే. దానిలో మిమోసిన్ ఉంది. ఎక్కువ తింటే వెంట్రుకలు రాలతాయి, థైరాయిడ్ దెబ్బతింటుంది. హవాయి మేకల పొట్టలో ఈ విషాన్ని అరిగించే బ్యాక్టీరియా ఉందని రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త కనిపెట్టాడు. జింక పొట్టలో అది ఉంటుందని ముందే అనుకోకుండా, మొత్తం మేతలో కొద్ది భాగానికే పరిమితం చేయడం క్షేమం.

కంచె దాటి అడవిలోకి వస్తే నా సలహా పూర్తిగా మారిపోతుంది. అక్కడ బర్సీమ్ వద్దు, నాగలి వద్దు. భిలాయికి ఉత్తరాన మధ్యప్రదేశ్ సరిహద్దు అవతల కన్హా ఉంది. గట్టినేల బారాసింగాలు అడవిలో చివరికి మిగిలిన చోటు అది. 1938లో దాదాపు 3000 ఉన్న ఆ మంద 1970 నాటికి 66కు పడిపోయింది. వాటిని నిలబెట్టింది బయటి నుంచి తెచ్చిన మేత విత్తనం కాదు. ఊళ్లు ఖాళీ అయిన చోట పొలాలు గడ్డిమైదానాలుగా మారాయి. ఏటేటా గడ్డిని తగలబెట్టడం తగ్గింది. పులీ నక్కా చొరబడని కంచెలో కొన్నిటిని పెంచారు. బారాసింగా పిల్లల్ని పెట్టేది వానాకాలం చివర్లో, ఎత్తయిన గడ్డి చాటున. గడ్డి దానికి మేత మాత్రమే కాదు, పిల్లకు దాపు కూడా. ఇప్పుడు ఆ సంఖ్య వెయ్యి దాటింది. 2015 నుంచి కొన్నిటిని సాత్పురా అడవికి కూడా తరలించారు.

ఇటు రాయపూర్ దాటి తూర్పున ఉన్న బార్నవాపారా అభయారణ్యం 245 చదరపు కిలోమీటర్లు. అక్కడ ఎప్పుడో కనుమరుగైన కృష్ణజింకల్ని ఇటీవల ఢిల్లీ జూ నుంచీ, బిలాస్‌పూర్ కానన్ పెండారీ నుంచీ తెచ్చి, కంచెలో అలవాటు చేసి బయటికి వదిలారు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల దుప్పి తెలంగాణది. హైదరాబాద్‌వాళ్లకు వనస్థలిపురం మహావీర్ హరిణ వనస్థలి తెలిసే ఉంటుంది. ఇలాంటి చోట్ల విత్తాల్సింది ఆ నేల గడ్డే. దక్కను, మధ్యభారతాల్లో సహజంగా పెరిగేది సెహిమా, డైకాంథియం జాతుల గడ్డి అని పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. దాని గింజను అక్టోబరు, నవంబరుల్లో పక్క మైదానంలోనే సేకరించి, తొలకరికి ఖాళీ జాగాల్లో చల్లాలి. అంతకన్నా ముందు కలుపు తీయాలి. లాంటానా నీడలో గడ్డి మొలవదు, ఆకు విషం. పశువులు అతిగా మేసిన చోట తంటెం కమ్ముకుంటుంది. ఇక్కడివాళ్లు దాన్ని చరోటా అంటారు, తొలకరి చిగురును కూర వండుకుంటారు. ముదిరాక దుప్పి దాన్ని మూతితో తోసేసి పోతుంది. పూత రాకముందే పీకితే రెండు మూడేళ్లలో గడ్డి తిరిగొస్తుంది.

అడవి అంచున తియ్యని పంట వేసి జింకల్ని రప్పించడం వాటికి మేలు కాదు. అది కుక్కల దగ్గరికీ, రోడ్డు దగ్గరికీ, రైతు పొలం దగ్గరికీ పిలవడమే. నంద్యాల జిల్లా రోళ్లపాడులో గడ్డిభూములకు రక్షణ దొరికాక కృష్ణజింకల మందలు పెరిగి చుట్టుపక్కల పైర్ల మీద పడ్డాయి. రైతు మూల్యం చెల్లిస్తున్నాడు. ఒకేచోట గుమిగూడిన జంతువులకు జబ్బులు కూడా తేలిగ్గా అంటుతాయి. అమెరికాలో 1967లో కొలరాడోలో తొలిసారి కనిపించిన, జింకలు క్షీణించి చనిపోయే జబ్బు భయంతో కొన్ని రాష్ట్రాలు జింకలకు మేత పోయడాన్నే నిషేధించాయి.

మేతతో పాటు చూడాల్సిన చిన్న విషయం ఒకటుంది. దుప్పులు రాలిన కొమ్ముల్నీ, పాత ఎముకల్నీ నమలడం గమనించవచ్చు. ఎండుగడ్డిలో ఫాస్ఫరస్ తక్కువ. ఆ లోటు తీర్చుకోవడానికే ఆ నమలడం. ఏటా కొత్త కొమ్ము పెంచుకునే మగదానికి అది మరీ అవసరం. ఆవరణలో ఫాస్ఫరస్ ఉన్న ఖనిజలవణాల దిమ్మ ఒకటి వేలాడదీస్తే సరిపోతుంది.

ఇక వసంతానికి అడవి తానే వడ్డించే తిండి ఉంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలతాయి, మోదుగపూలు రాలతాయి. దుప్పులు తెల్లవారుజామునే ఆ చెట్ల కిందికి చేరతాయి. మనుషులూ చేరతారు. పూలు ఏరుకోవడానికి వీలుగా కొందరు చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెడతారు. కాలిన చోట కొద్దిరోజుల్లో లేత గడ్డి మోసులెత్తుతుంది, దుప్పులు దాని మీద వాలతాయి. చూడటానికి లాభంలా కనిపిస్తుంది కానీ ఏటేటా అదే నేల కాలితే మేలురకం గడ్డి పోయి మొరటు గడ్డి మిగులుతుంది, నేలకు దాపు పోతుంది, చెట్ల మొలకలు చస్తాయి. ఏరేవాళ్లకు చెట్టు కింద పరిచే వలలో పాత చీరలో ఇస్తే నిప్పు అవసరమే ఉండదు.

ఆవరణ చుట్టూ కాస్త జాగా ఉన్న చోట చెట్లు నాటడాన్ని నేను పంటకంటే మెరుగైన పెట్టుబడి అంటాను. ఇప్ప, మోదుగ, మర్రి, జువ్వి, రేగు, నేరేడు, తాని, ఉసిరి కలిపి వేస్తే ఏడాదిలో ఏదో ఒకటి రాలుతూనే ఉంటుంది. మొరిగే జింకకైతే ఇవి తప్పనిసరి. ఉసిరికాయల విషయంలో జింక తిన్నదానికి బదులు కూడా ఇస్తుంది. దుప్పి కాయను మింగి, ఎక్కడో నీడలో నెమరు వేసేటప్పుడు గట్టి గింజను బయటికి ఉమ్మేస్తుంది. అడవి ఉసిరి చెట్లు దూరదూరాన మొలవడానికి అదే దారి. నాటడం తొలకరిలో జరగాలి. దుప్పి వెనక కాళ్ల మీద నిలబడి కొమ్మల్ని అందుకుంటుంది కనుక మొక్క రెండు మీటర్లు దాటేదాకా చుట్టూ ముళ్లకంచె ఉంచాలి. కణుజులున్న చోట ఇంకాస్త ఎత్తుకు పెరిగేదాకా దాన్ని తీయకూడదు. అవి కొమ్ముల్ని కాండానికి రుద్ది, బెరడు ఒలిచి, ఎదిగిన మొక్కను కూడా చంపేస్తాయి.